చెడిపోని ఎర్రముద్ద

తాళ్ళమెరకలో అరటిపండు ఒలుచుకు తినడం కూడా కష్టమైపోయిన వేసవి అది. తప్పు అరటిపండుది కాదు. ఆహార నిల్వ పరిరక్షణ మండలి డైరెక్టరు భూషణరావుగారు విదేశయాత్ర ముగించుకుని క్షేమంగా తిరిగి రావడం వల్ల జరిగింది.

ఆయన్ని పంపింది అక్కడి నిల్వ పద్ధతులు చూసి రమ్మని. చూశారు కూడా. చలికి ముక్కు కారడం, నోటికి సయించే తిండి దొరక్కపోవడం, ఈ రెంటి మధ్యా ఆయన మనసుకు హత్తుకున్నది ఒక్కటే. ఒక దుకాణం అద్దాల బీరువాలో గుమ్మడికాయంత ఎర్రటి ముద్ద ఒకటి నున్నగా మెరుస్తూ కూర్చుంది. అది చీజు గడ్డ అనీ, మైనంలో ముంచి తీస్తే ఏళ్ల తరబడి చెడదనీ, ఆ మైనం తిన్నా ప్రమాదం లేని రకమనీ వెంట వచ్చిన దుబాసీ చెప్పాడు. భూషణరావుగారికి వెంటనే ఆ ముద్ద కావాలనిపించింది. దుకాణంలో అమ్మాయి లోపలికి వెళ్లి వేరే ముద్ద తెచ్చి ఇవ్వబోతే ఆయన ఒప్పుకోలేదు. ముందు వరసలో మంచిది పేర్చి వెనక నుంచి పుచ్చుది తూచే వర్తకులు ఆయనకు తెలియనివారా? మన బజార్లో వంకాయలు కొన్న చేయి అది. అద్దాల్లో ఉన్నదే ఇమ్మని పట్టుబట్టారు. ఆ పిల్ల ఏదో చెప్పబోయి, భాష చాలక, నవ్వేసి ఇచ్చేసింది. ఆ దేశం వాళ్లు మహా మర్యాదస్తులని ఆయన తిరిగొచ్చాక అందరికీ చెప్పారు.

ఎర్రముద్ద ఆయన బల్ల మీద ఇత్తడి పీట ఎక్కింది. సంక్రాంతి వెళ్లింది, శివరాత్రి వెళ్లింది, ముద్ద మాత్రం చెక్కు చెదరలేదు. వాసన లేదు. బూజు లేదు. తాళ్ళమెరకలో చీమ ఎక్కని వస్తువంటూ ఉండదు, ఉప్పు డబ్బాలోకి కూడా ఓసారి తొంగి చూసి పోతుంది. అలాంటిది ఆ ముద్ద దరిదాపులకు ఒక్క చీమ రాలేదు. భూషణరావుగారు రోజూ పొద్దున్నే దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, తలపంకించి, ఆ తరవాతే ఫైళ్లు ముట్టుకునేవారు. అలా తిరగ్గా తిరగ్గా ఒకనాడు ఆయనకు ఉత్తర్వు తట్టింది.

“ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, మండలి పరిధిలో విక్రయింపబడు సమస్త ఆహార పదార్థములకును ఆహారయోగ్య మైనపు పూత తప్పనిసరి. పూత లేని పదార్థము ఆహారముగా పరిగణింపబడదు. ఈ ఉత్తర్వు తక్షణమే అమలులోకి వచ్చును.”

ఉత్తర్వును అమలు చేసే బాధ్యత పానకాలు మీద పడింది. పానకాలు మండలిలో సీనియర్ అసిస్టెంటు. ఫ్యాను కిందికి కుర్చీ జరుపుకోవాలన్నా కాగితం పెట్టుకుని, పైవాళ్ల సంతకం వచ్చేదాకా చెమట కక్కుతూ కూర్చునే రకం. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఏ ఉత్తర్వునూ జవదాటి ఎరగడు. అటువంటివాణ్ని వెతికి మరీ పూత పర్యవేక్షకుణ్ని చేసి, చేతికి ఒక ఇత్తడి ముద్ర ఇచ్చారు. మైనం మీద ముద్ర పడితే సరుకు మండలి రక్షణలో ఉన్నట్టు. కొన్నవాడి ఇల్లు చేరేలోగా ముద్ర చెదిరితే చెదరగొట్టినవాడు ఊచలు లెక్కపెట్టాలి.

మొదట బజారుకి వెళ్లారు. అరటిపళ్ల నూకరాజు గెలకు గెల మైనం గుండిగలో ముంచి తీశాడు. పళ్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఏకాండీగా తయారయ్యాయి. ఒక పండు కావాలన్నవాడికి గెల మొత్తం అంటగట్టాల్సి వచ్చింది, లేదంటే కత్తిపీట అద్దెకివ్వాల్సి వచ్చింది. మామిడిపళ్ల దగ్గర ఇంకో తంటా. తాళ్ళమెరకవాడు మామిడిపండు కొనే ముందు తొడిమ దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తాడు, అది చూడకపోతే వాడికి పండు కొన్నట్టు ఉండదు. ఇప్పుడు ఏ పండు వాసన చూసినా కొవ్వొత్తి వాసనే. జనం చేతులు దులుపుకుని వెళ్లిపోతుంటే, పళ్లు అమ్ముడుపోక అలాగే ఉండటం గమనించిన మండలి, నిల్వకాలం గణనీయంగా పెరిగినట్టు నివేదిక రాసుకుంది.

పళ్లూ కూరగాయలూ అయ్యాక ఇడ్లీ మీదికి వచ్చారు. వేడి ఇడ్లీ మీద మైనం పోస్తే నిలవదు, కరిగి చట్నీలో కలుస్తుంది. ఈ విషయం హోటలు యజమాని విన్నవించుకుంటే, మండలి సానుభూతితో పరిశీలించి, ఇడ్లీ పూర్తిగా చల్లారాకే అమ్మాలని సవరణ ఇచ్చింది. బజ్జీ, పుణుగు, పెసరట్టు అదే దారి పట్టాయి. ఉప్మా ముద్దగా ఉంటేనే పూత పడుతుంది గనక పొడిపొడిగా చేసేవాళ్ల మీద కేసులు రాశారు. తమలపాకులకి ఆకుకొక పూత. కరివేపాకు రెబ్బను యూనిట్‌గా తీసుకోవాలా, ఆకును యూనిట్‌గా తీసుకోవాలా అన్నదాని మీద ఒక ఉపసంఘం కూర్చుంది, ఇంకా లేవలేదు.

పానకాలుకి ఇందులో ఏదీ వింతగా తోచలేదు. ఉత్తర్వులో ఉంది, తను చేస్తున్నాడు. సాయంత్రం ఇంటికి వచ్చి గోళ్లలో ఇరుక్కున్న మైనం పుల్లతో తీసుకుంటూ, ఇవాళ ఊరికి కాస్త మేలు చేశాననే అనుకునేవాడు. మైనం తన గుమ్మం తొక్కేదాకా అలాగే అనుకున్నాడు.

అతని భార్య వెంకటరత్నం చేతి ఆవకాయ గురించి తాళ్ళమెరకలో తెలియనివాళ్లు లేరు. ఏళ్ల తరబడి పిలిచిన ఇంటికల్లా వెళ్లి ఆవకాయ పెట్టి వచ్చేది, పెట్టిన పేరు మాత్రం ఆ ఇంటివాళ్లది. ఆ ఏడు మొదటిసారి ఆడపిల్లల హాస్టలు వార్డెను జ్ఞానసుందరి ఇంటికి వచ్చి, ఏడాదికి సరిపడా ఆవకాయ నువ్వే పెట్టివ్వమ్మా, బాగుంటే ఏటా నీదే అంది. రత్నం ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. హాస్టలు పిల్లలు సెలవులకి నాలుగు దిక్కులా వెళ్తారు, బాగుంటే నాలుగు దిక్కులా చెబుతారు. ఒక్క జాడీ బూజు పట్టిందా, అదీ చెబుతారు. ఆవకాయ చెడిన ఇల్లాలిని ఆ తరవాత ఎవరూ గుమ్మంలోకి పిలవరు, పైగా ఇంటికి అరిష్టమని గుసగుసలు కూడా.

కాయ తనే ఎంచింది. ముక్కలు కొట్టించి, ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి, టెంక మీది జీడి తీసేసి, ఆవపిండీ కారమూ ఉప్పూ పప్పునూనే పట్టించి జాడీలు నింపింది. పెద్ద జాడీలు, మోకాలెత్తువి. వాసెన కట్టడానికి తెల్లటి పాత పంచె చింపుతూ ఉండగా మొగుడు గుండిగతో, మైనంతో, ముద్రతో, ఇద్దరు బంట్రోతులతో వాకిట్లో నిలబడ్డాడు.

విషయం చెప్పడానికి పానకాలు చాలాసేపు గొంతు సవరించుకున్నాడు. హాస్టలుకి ఇచ్చేది అమ్మే సరుకు కిందికి వస్తుంది. అమ్మే సరుకు తయారైన రోజే సీలు పడాలి. పర్యవేక్షకుడి ఇల్లే మొదట తప్పితే ఊళ్లో ఇంకెవరు మాట వింటారు?

“మరి మూడోనాడు తిరగకలపాలి కదండీ,” అంది రత్నం.

ఆ ముక్క ఆమె చెబితే గాని తెలియనిదేం కాదు. మూడోనాడు వాసెన విప్పి, అడుగున దిగిన ఉప్పూ కారమూ పైకి తెచ్చి కలిపి, రుచి చూసి, ముక్క మీద నూనె తేలేదాకా మళ్లీ పోస్తేనే అది ఆవకాయ. లేకపోతే అడుగున ఉప్పుకషాయం, పైన బూజు. ఈ సంగతి తాళ్ళమెరకలో ఉయ్యాల్లో పిల్లాడికి కూడా తెలుసు. పానకాలుకీ తెలుసు. కానీ పర్యవేక్షకుడికి తెలియదు, ఎందుకంటే ఉత్తర్వులో లేదు.

మైనం రత్నం పొయ్యి మీదే, రత్నం గిన్నెలోనే కరిగించారు. ఆ గిన్నె మరి దేనికీ పనికిరాకుండా పోయింది. జాడీలకు మూతలు పెట్టి, వాటి మీద ఎర్రటి మైనం వేలెడు మందాన పోసి, పానకాలు తన చేత్తో ముద్ర గుద్దాడు. భార్య ముఖం చూడాల్సి వస్తుందని ముద్రలన్నీ తిన్నగా పడ్డాయో లేదో చాలాసేపు చూసుకున్నాడు.

మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే వేడన్నం వడ్డించి, పక్కన నెయ్యి గిన్నె పెట్టి, రత్నం గుమ్మానికి ఆనుకుని నిలబడింది. కొత్తావకాయ పెట్టిన రోజు ఆ ఇంట్లో మొదటి ముద్ద అతనిదే, పెళ్లయిన నాటి నుంచీ అది ఆనవాయితీ. కలిపిన బేసిన్‌లో అంటుకున్న కారంలో వేడన్నం కలిపి చేతికి ఇచ్చేది. ఆవకాయేదని అతను అడిగాడు.

“సీలులో ఉందండి,” అంది రత్నం. “బేసిను కూడా మీ బంట్రోతు తుడిచి మైనం పూసేశాడు.”

పానకాలు నెయ్యన్నం తిని చేయి కడుక్కున్నాడు. జీవితంలో మొదటిసారి ఒక ఉత్తర్వు అతని గొంతుకి అడ్డం పడింది.

మర్నాడు ఆఫీసు తెరవగానే సూపరింటెండెంటు కూర్మయ్య ముందు కాగితం పెట్టాడు. సీలు తాత్కాలికంగా విప్పి, సరుకు కలిపి, తిరిగి సీలు వేయుటకు అనుమతి కోరుతూ. కూర్మయ్య కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివి, ఎంతో ముచ్చటపడ్డాడు. సీలు వేయడానికి నిబంధనలున్నాయి, విప్పరాదనీ ఉంది గాని, విప్పే పద్ధతి ఎక్కడా లేదని, ఇంతవరకు ఎవరికీ ఆ ఆలోచనే రాలేదని చెప్పి, కాసేపు కళ్లు మూసుకుని తనే నిబంధన తయారు చేశాడు.

“సీలు విప్పాలంటే లోపల సరుకు బాగుందని ధ్రువీకరణ ఉండాలయ్యా. ధ్రువీకరించాలంటే సరుకు చూడాలి. సరుకు చూడాలంటే సీలు విప్పాలి. చూశావా, ఎక్కడా సందు లేదు.”

పానకాలు చూశాడు. నిజంగానే లేదు. మీ ఇంట్లో ఆవకాయ ఎలా పెట్టారండీ అని మెల్లిగా అడిగాడు. కూర్మయ్య కుర్చీలో ముందుకు వంగి, గొంతు తగ్గించి, నిన్ననే తిరగకలిపామనీ, ఈసారి కాయ పీచు ఎక్కువై నూనె బాగా తాగేసిందనీ, మళ్లీ గానుగకి పరిగెత్తాల్సి వచ్చిందనీ వివరంగా చెప్పాడు. అంతా చెప్పి వెనక్కి వాలి, మళ్లీ కళ్లజోడు పెట్టుకున్నాడు.

“అది ఇల్లయ్యా. ఇది ఆఫీసు.”

కాగితం పైకి వెళ్లింది. పైన భూషణరావుగారు దాన్ని చదివి కోప్పడతారనుకుంటే, ఉప్పొంగిపోయారు. సీలు విప్పడమనేది సంస్థ చరిత్రలో మొదటి ఘట్టం కాబోతోందనీ, మొదటి సీలు ఏదో ఊరగాయ జాడీది కావడం మండలి గౌరవానికి తగదనీ, పూర్వోదాహరణ ఉన్నతస్థాయిలో ఏర్పడాలనీ సెలవిచ్చారు. ఎర్రముద్దనే విప్పుదాం అన్నారు. రేపే. పెద్దలను పిలిచి, శాస్త్రోక్తంగా. అక్కడ విప్పిన పద్ధతే ఇక మీదట అన్ని సీళ్లకూ ప్రమాణం. పానకాలు వేళ్ల మీద లెక్క చూసుకున్నాడు. రేపు మూడోనాడు. రేపు పొద్దున్న ముద్ద విప్పితే, మధ్యాహ్నానికి జాడీలు విప్పవచ్చు. ఇంటికెళ్లి రత్నానికి ఆ మాటే చెప్పాడు. ఆమె గరిటె కడిగి, ఎండలో ఆరబెట్టింది.

మర్నాడు సభ ఘనంగా జరిగింది. అది రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలో షామియానా కింద పురప్రముఖులంతా తడిసిన చొక్కాలతో కూర్చున్నారు. ఎర్రముద్దను ఇత్తడి పీటతో సహా ఊరేగించి తెచ్చి, వేదిక మీద పెట్టారు. భూషణరావుగారు మైనం మహిమ మీద మాట్లాడారు. నిరుడు తెచ్చిన పదార్థం నేటికీ తాజాగా ఉందంటే కారణం ఏమిటని సభను అడిగారు. పూత అని తనే చెప్పారు. ఒక చీమైనా ముట్టిందా అని అడిగారు. లేదని కూర్మయ్య లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. పానకాలు వేదిక మెట్ల దగ్గర, చెవులు ప్రసంగం మీదా, మనసు ఇంటి వరండాలోని జాడీల మీదా పెట్టి నిలబడ్డాడు.

రిబ్బను కట్టిన కత్తితో భూషణరావుగారు ముద్దను కోశారు. మైనం తెగింది, కత్తి ఆగిపోయింది. బాగా ముదిరిన చీజు ఇలాగే ఉంటుందని ఆయన వివరించారు. మాంసం కొట్టు నుంచి పెద్ద కత్తి తెప్పించారు, అదీ ఆగిపోయింది, వంకర కూడా పోయింది. ముదిరేకొద్దీ శ్రేష్ఠం అన్నారాయన, నుదురు తుడుచుకుంటూ. చివరికి పక్క వీధి వడ్రంగిని రంపంతో పిలిపించారు. వడ్రంగి ముద్దను కాళ్ల మధ్య ఇరికించుకుని నాలుగు లాగులు లాగాడు. లేత పసుపు పొడి సన్నగా రాలింది. కూర్మయ్య ముందుకు వచ్చి చిటికెడు నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, అమోఘంగా ఉందండి, కాస్త ఉప్పు తగ్గింది అంతే అన్నాడు. పురప్రముఖులు చేతులు చాచారు. తలా కాస్త పంచుతూ ఉండగా ముద్ద రెండు చెక్కలైంది.

“ఇది టేకు కాదండి, మెత్తకర్ర,” అన్నాడు వడ్రంగి. “చాయ చూడండి. బొమ్మలకి బాగుంటుంది.”

షామియానా కింద నోట్లో పొడి ఉన్నవాళ్లు మింగాలా ఉమ్మాలా తెలియక బిగించుకుని కూర్చున్నారు. దుకాణం అద్దాల్లో చూపుకోసం పెట్టిన కర్ర ముద్దకు మైనం పూసి ఉంచుతారని, అమ్మే సరుకు లోపల ఉంటుందని, ఆ దేశపు పిల్ల చెప్పబోయింది అదేనని, భూషణరావుగారికి ఆ క్షణంలో తెలిసే ఉంటుంది. కానీ డైరెక్టరు స్థాయి మనిషికి తెలిసిన విషయం ముఖం మీదికి రావడానికి చాలా అంచెలు దాటాలి. ఆయన రెండు చెక్కలనూ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మైకు దగ్గరికి వచ్చారు.

“లోపలి పదార్థం చెడిపోయిందా?” అని అడిగారు.

లేదన్నారు అందరూ. అన్నారంటే, అనక తప్పలేదు. అది చెడలేదు మరి.

“బూజు? పురుగు? దుర్వాసన?”

ఏదీ లేదు.

“కనుక పూత సిద్ధాంతం నిరూపితమైంది.” ఆయన గొంతు మళ్లీ నిలదొక్కుకుంది. “చెడిపోయేవాటిని ఎంచుకుని ఇన్నాళ్లూ మనం పొరపాటు చేశాం. చెడిపోని పదార్థానికి పూత వేస్తే ఫలితం ఎలా ఉంటుందో ఇవాళ మీరే చూశారు.”

చప్పట్లు మోగాయి. పానకాలు కొట్టలేదు. అతను మెట్లెక్కి, చేతులు కట్టుకుని, తన కాగితం సంగతి అడిగాడు. భూషణరావుగారు ఉదారంగా నవ్వారు. పూర్వోదాహరణ ఏర్పడింది గనక సీలు విప్పవచ్చునన్నారు. అయితే పద్ధతి ప్రకారం షామియానా, పురప్రముఖులు, ప్రసంగం, వడ్రంగి, రంపం ఉండాలి. ఇక కలపడం విషయానికి వస్తే, పూత వేసిన పదార్థాన్ని మళ్లీ కలపాలనడం పూతను అవమానించడమే. తిరస్కరించడమైనది.

పానకాలు ఎండలో గొడుగు లేకుండా ఇంటికి నడిచాడు.  కోపం అతనికి అలవాటు లేని వస్తువు. ఇన్నేళ్లూ ప్రతి కాగితాన్నీ కళ్లకద్దుకుని బతికాడు. కర్రపొడి తిని బాగుందన్నవాళ్లంతా తనకు పై అధికారులు. తన ఇంట్లో, తన చేత్తో, తన భార్య ఏడాది పేరు మీద ముద్ర గుద్దాడు. నడుస్తూ నడుస్తూ సీలు నిబంధనలను మొదటి నుంచి చివరి దాకా మనసులో మళ్లీ చదువుకున్నాడు. సీలు విప్పరాదు. సీలు పగలగొట్టరాదు. సీలు తొలగించరాదు. అంతే ఉంది.

ఇంటికి చేరేసరికి వరండాలో జాడీల పక్కన రత్నం గరిటె ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ముఖం చూడగానే ఏమన్నారో ఆమెకి తెలిసిపోయింది. పానకాలు చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. మొదటి జాడీని రెండు చేతులా ఎత్తి, వాకిట్లో నిప్పులు కక్కుతున్న నాపరాయి మీద పెట్టాడు. తరవాత రెండోది. తరవాత మూడోది.

“విప్పొద్దన్నారు,” అన్నాడు, రొప్పుతూ. “ఎండలో పెట్టొద్దనలేదు.”

రత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వింది అని రాయవచ్చు గాని, కళ్లు కూడా తుడుచుకుంది.

చలిదేశపు మైనానికి రోహిణి కార్తె సంగతి ఏం తెలుసు? ముందు మెరిసింది, తరవాత చెమట పట్టింది, తరవాత మండలి ముద్ర ఒక పక్కకి మూతి వంకర పెట్టి, మెల్లగా జాడీ భుజం మీద నుంచి జారి కిందికి వచ్చింది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ముట్టుకోకుండా చూస్తూ కూర్చున్నారు. ఆఖరి ముద్ర నేలను తాకగానే రత్నం చేతులు తుడుచుకుని లేచి, మూతులు శుభ్రంగా తుడిచి, జాడీలు నీడకి తెప్పించి, మూతలు తీసి, అడుగు దాకా గరిటె దింపి కలిపింది. ఉప్పు చూసింది. నూనె పోసింది. వాకిలంతా ఆవఘాటు లేచి పక్కింటివాళ్లు తుమ్మారు. గరిటెకి అంటిన కారంలో వేడన్నం కలిపి మొదటి ముద్ద పానకాలు చేతిలో పెట్టింది. అతనికి కళ్లమ్మట నీళ్లు వచ్చాయి. కారం అని చెప్పాడు.

ఆఫీసుకి మాత్రం నిజమే రాసి పంపాడు. సీళ్లు వాటంతట అవే జారినవి, కారకుడు ఎండ. ఎండకు సంజాయిషీ నోటీసు ఇచ్చారా అని పైనుంచి అడిగారు. ఇచ్చాను, జవాబు లేదు అని ఇతను రాశాడు. మళ్లీ ఇవ్వమన్నారు. మృగశిర వచ్చి వానలు పట్టాక, ఎండ జవాబు చెప్పకుండా పరారైనట్టు నమోదు చేసి ఫైలు మూసేశారు.

ఈలోగా మండలి కొత్త సిద్ధాంతం ప్రకారం హాస్టళ్లకు ఆదర్శ ఆహారం సరఫరా చేసింది. మెత్తకర్రతో చెక్కిన మామిడిపండు, అరటిపండు, వంకాయ, అన్నిటికీ ఆహారయోగ్య మైనపు పూత. పళ్లేనికి ఒకటి చొప్పున పెట్టారు. భోజనమయ్యాక పిల్లలు వాటిని కడిగి మళ్లీ అలమరలో పెట్టేవాళ్లు. కార్తీకం వచ్చాక భూషణరావుగారు తనిఖీకి బయల్దేరారు. వెంట కూర్మయ్యా, పానకాలూ.

ఆడపిల్లల హాస్టల్లో కర్రపళ్లు ఒక్కటి కూడా తగ్గలేదు, ఒక్కటి కూడా చెడలేదు. భూషణరావుగారు ఆనందించి పూర్తి మార్కులు వేశారు. భోజన వేళ అయింది గనక జ్ఞానసుందరి ఆయనకు పిల్లలతోపాటే వడ్డించింది. వేడన్నం, పప్పు, ఆవకాయ. ఆయన మొదట మొహమాటంగా వేలితో రుచి చూశారు. తరవాత మాట్లాడటం మానేశారు. మారు అడిగారు. ముక్క అడిగారు. టెంక చప్పరించి పక్కన పెట్టి, కాస్త ఊట ఉందా అమ్మా అన్నారు. పిల్లలు ముఖాలు చూసుకున్నారు. చేయి కడుక్కుని, తువాలుతో తుడుచుకుని, మళ్లీ డైరెక్టరై, ఇక ఆవకాయ నిల్వశక్తి పరీక్షిద్దాం, జాడీ తెండి అన్నారు. తెచ్చారు. మిగిలింది అదొక్కటే, వంచి చూశారు. అడుగున గరిటె గీతలు తప్ప ఏమీ లేదు.

“తనిఖీకి నమూనా మిగల్చకుండా ఆఖరి ముక్క ఎవరు తిన్నారు?” అని గద్దించారు.

“తమరేనండి,” అంది జ్ఞానసుందరి.

ఆయన వినిపించుకోలేదు. కాగితం తీసుకుని రాయించారు. ఆవకాయ, నిల్వశక్తి శూన్యం. ఏడాదికి ఇచ్చిన సరుకు ఏడాది సగం కూడా నిలవలేదు. చెడినదా అన్న ప్రశ్నకు జవాబు దొరకలేదు, ఎందుకంటే సరుకే లేదు. వచ్చే ఏడు నుంచి ఈ సరఫరా రద్దు చేయదగును.

రద్దు అన్న మాట రాస్తున్నది పానకాలు కలమే. రాసి, ఆగాడు. అలమరలో కడిగి పేర్చిన కర్రపళ్లను చూశాడు, ఖాళీ జాడీని చూశాడు. పాత పానకాలైతే కింద సంతకం పెట్టించి ఇంటికి వెళ్లి నెయ్యన్నం తినేవాడు. ఇతను లేచి వంటింట్లోకి వెళ్లి మైనం కరిగించుకుని వచ్చాడు. ఖాళీ జాడీకి మూత పెట్టి, దాని మీద వేలెడు మందాన పోసి, ఇత్తడి ముద్ర తీసి, ఎంతో తిన్నగా గుద్దాడు.

“ఇలా పరీక్షించండి సార్,” అన్నాడు చేతులు కట్టుకుని. “ఇందులో ఉన్నది ఎన్నాళ్లయినా చెడదండి. చెడితే నా ఉద్యోగం తీసేయండి.”

భూషణరావుగారు జాడీ చుట్టూ ఒకసారి తిరిగారు. ఊపి చూశారు. చెవి పెట్టి విన్నారు. చాలాకాలంగా ఖాళీగా ఉన్న తన బల్ల మీది ఇత్తడి పీట ఆయనకు గుర్తొచ్చింది. కలం అందుకుని రద్దు కొట్టేశారు.

జాడీ ఇప్పుడు ఆ పీట మీదే ఉంది. రోజూ పొద్దున్నే ఆయన ప్రదక్షిణం అయ్యాకే ఫైళ్లు కదులుతాయి. ఇంతవరకు చెడిన దాఖలా లేదు, చీమ కూడా ముట్టలేదు. మరుసటి వేసవికి జ్ఞానసుందరి వచ్చి, ఈసారి రెట్టింపు కావాలమ్మా అని చెప్పి వెళ్లింది. రత్నం అప్పటి నుంచి ఏటా రెండు వరసల జాడీలు సిద్ధం చేస్తుంది. ఆవకాయ ఉన్న జాడీలకు వాసెన కట్టి హాస్టలుకి పంపుతుంది. లేనివాటికి పానకాలు సీలు వేసి మండలికి పంపుతాడు.